ఇది దానం కాదు.. బాకీ! బానిసత్వపు చరిత్రపై బాల్టిమోర్ చర్చి 5 లక్షల డాలర్ల లెక్క

• ఐదేళ్లలో 5 లక్షల డాలర్లు పక్కన పెట్టాలని 2021లో మెమోరియల్ ఎపిస్కోపల్ చర్చి నిర్ణయం
• తొలి పాస్టర్ కుటుంబం బానిసలుగా ఉంచుకున్నవారి వారసురాలు అదే చర్చిలో డీకన్
• మేరీల్యాండ్‌లో వీటో దాటి గట్టెక్కిన రిపరేషన్స్ కమిషన్
• ఒక చర్చి డబ్బుతో జాతుల మధ్య ఆస్తి తేడా తగ్గుతుందా? అసలు లెక్క ఇదీ

అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో ‘రిపరేషన్స్’ చర్చ మళ్లీ వేడెక్కింది. సింపుల్‌గా చెప్పాలంటే, బానిసత్వం వల్ల, ఆ తర్వాత సాగిన జాతి వివక్ష వల్ల నల్లజాతి ప్రజలకు జరిగిన నష్టానికి ఇచ్చే పరిహారమే రిపరేషన్స్. ఆ పరిహారం ఎలా ఉండాలో తేల్చేందుకు కమిషన్ వేయాలంటూ రాష్ట్ర చట్టసభ 2025లో బిల్లు పాస్ చేసింది. మే నెలలో గవర్నర్ వెస్ మూర్ దాన్ని వీటో చేశారు. డిసెంబర్‌లో చట్టసభ ఆ వీటోను పక్కకు నెట్టేసింది. దాంతో కమిషన్‌కు లైన్ క్లియర్ అయింది.

ఇక్కడో ట్విస్ట్ ఉంది. వెస్ మూర్ కూడా నల్లజాతి నాయకుడే. అధ్యయనాలు ఇప్పటికే చాలా జరిగాయి, ఇప్పుడు కావాల్సింది ఇంకో రిపోర్ట్ కాదు, పని అన్నది ఆయన వాదన. ఆయన ప్రభుత్వంలో లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్నది మన హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్. అందుకే ఈ రాష్ట్ర రాజకీయాలపై తెలుగువాళ్లకూ ఆసక్తి ఎక్కువే.

స్టడీ చేయాలా వద్దా అని ప్రభుత్వం తేల్చుకునేలోపే, అదే రాష్ట్రంలో ఓ చర్చి సొంతంగా పని మొదలుపెట్టేసింది. బాల్టిమోర్ నగరం బోల్టన్ హిల్ ప్రాంతంలోని మెమోరియల్ ఎపిస్కోపల్ చర్చి అది. ఐదేళ్లలో 5 లక్షల డాలర్లు, అంటే మన లెక్కలో 4 కోట్ల రూపాయలకు పైనే, జాతి అసమానతలను సరిదిద్దే పనులకు ఇస్తామని 2021 జనవరిలో ప్రకటించింది. 

ఇంతకీ ఈ చర్చి ఎందుకింత సీరియస్‌గా తీసుకుంది? ఈ డబ్బుతో ఏం మారుతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

గోడ మీద ఫలకం.. దాని వెనుక కథ

ఎపిస్కోపల్ చర్చి అంటే ఆంగ్లికన్ కుటుంబానికి చెందిన అమెరికా శాఖ. తెలుగు రాష్ట్రాల్లో సీఎస్ఐ చర్చిలు ఉన్నాయి కదా, అవి కూడా అదే ఆంగ్లికన్ కుటుంబంలో భాగమే. అమెరికాలో ఎపిస్కోపల్ చర్చికి సంపన్న తెల్లజాతి కుటుంబాల చర్చిగా చాలాకాలం పేరుంది.

బాల్టిమోర్‌లోని ఈ మెమోరియల్ చర్చి 1860ల నాటిది. మేరీల్యాండ్‌లో బానిసత్వం రద్దయింది 1864 నవంబర్ 1న. అంటే చర్చి పుట్టిన కాలమూ, బానిసత్వం ముగిసిన కాలమూ ఒకటే. చర్చి తొలి పాస్టర్ చార్లెస్ రిడ్జ్‌లీ హోవార్డ్. ఆయన పేరులోని ‘రిడ్జ్‌లీ’ అనే ముక్కే ఈ కథకు తాళంచెవి.

రిడ్జ్‌లీలు మేరీల్యాండ్‌లో పేరుమోసిన భూస్వాములు. బాల్టిమోర్ నగరానికి ఉత్తరాన ఉన్న హాంప్టన్ ఎస్టేట్ వాళ్లదే. 1790లో పూర్తయిన హాంప్టన్ భవనం అప్పట్లో అమెరికాలోని అతిపెద్ద ప్రైవేటు ఇళ్లలో ఒకటి. ఆ ఇల్లు, పొలాలు, ఇనుము కొలిమి.. అన్నీ నడిచింది బానిసల చెమటతోనే. ఆ వంశానికి చెందిన చార్లెస్ కార్నన్ రిడ్జ్‌లీ మేరీల్యాండ్ గవర్నర్‌గా కూడా పనిచేశారు. 1829లో ఆయన చనిపోయేనాటికి ఆయన కింద 300 మందికి పైగా బానిసలున్నారు. చాలామందిని విడుదల చేయాలని వీలునామా రాశారు గానీ, దానికి వయసు షరతులు పెట్టారు. దాంతో కొన్ని కుటుంబాల్లో తల్లికి స్వేచ్ఛ వచ్చింది, పిల్లలకు రాలేదు. హాంప్టన్‌లో బానిసత్వం ఆ తర్వాత కూడా కొనసాగింది. ఇప్పుడా ఎస్టేట్ నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉంది. ఎవరైనా వెళ్లి చూడొచ్చు.

మెమోరియల్ చర్చిలో సేవ చేసిన మరో పాస్టర్ విలియం మీడ్ డేమ్. అంతర్యుద్ధంలో ఆయన దక్షిణాది కాన్ఫెడరేట్ సైన్యం తరఫున పోరాడిన వ్యక్తి. ఇలాంటి పాస్టర్ల పేర్లతో చర్చి గోడలపై గౌరవ ఫలకాలు ఉండేవి. తరాల తరబడి జనం వాటి కిందే కూర్చుని ప్రార్థనలు చేశారు. ఆ పేర్ల వెనుక ఏముందో ఎవరూ పెద్దగా అడగలేదు.

ఆ ప్రశ్న చివరికి చర్చి లోపలి నుంచే వచ్చింది. అక్కడ డీకన్‌గా సేవ చేస్తున్న ఓ నల్లజాతి మహిళ కుటుంబం తమ వంశవృక్షం గురించి ఆరా తీసింది. తమ పూర్వీకులను హాంప్టన్‌లో బానిసలుగా ఉంచారని తేలింది. అంటే ఆమె సేవ చేస్తున్నది, తన పూర్వీకులను బానిసలుగా ఉంచుకున్న కుటుంబానికి చెందిన వ్యక్తి తొలి పాస్టర్‌గా ఉన్న చర్చిలో! అంతేకాదు.. ఆ యజమానుల వంశానికి చెందిన ఓ వారసుడు కూడా ఇదే చర్చి సభ్యుడు. ఇద్దరూ ఒకే చర్చిలో పక్కపక్కన కూర్చుని ప్రార్థన చేసేవాళ్లే.

ఈ విషయం తెలిశాక సభ్యులు కలిసి హాంప్టన్‌కు వెళ్లారు. చర్చి పాత చరిత్రను తవ్వి తీశారు. గోడల మీది ఫలకాలను దించేశారు. ఫలకం తీసేస్తే సరిపోతుందా, చేతల్లో ఏం చేస్తాం అన్న చర్చ ఆ తర్వాత మొదలైంది. చర్చి పాలక కమిటీ తీసుకున్న 5 లక్షల డాలర్ల నిర్ణయం ఆ చర్చ ఫలితమే. ఇళ్లు, చదువు, పర్యావరణ న్యాయం, పౌరుల భాగస్వామ్యం లాంటి రంగాల్లో పనిచేసే స్థానిక సంస్థలకు ఈ డబ్బు వెళ్లాలన్నది ప్లాన్.

బాల్టిమోర్‌లోనే ఎందుకు?

ఈ నగర చరిత్ర తెలియకపోతే ఇదేదో 160 ఏళ్ల నాటి పాత గొడవలా కనిపిస్తుంది. కానీ బానిసత్వం పోయాక కూడా నల్లజాతి కుటుంబాలు ఆస్తి కూడబెట్టుకోకుండా అడ్డుపడిన నగరాల్లో బాల్టిమోర్ ముందు వరసలో ఉంది.

1910లో జార్జ్ మెక్‌మెకెన్ అనే నల్లజాతి లాయర్ మెక్‌కల్లో స్ట్రీట్‌లో ఇంటికి మారారు. యేల్ యూనివర్సిటీలో లా చదివిన మనిషి ఆయన. ఆ వీధి బోల్టన్ హిల్‌కు దగ్గర్లోనే ఉంటుంది. చుట్టుపక్కల తెల్లజాతి కుటుంబాలు భగ్గుమన్నాయి. అదే ఏడాది డిసెంబర్‌లో బాల్టిమోర్ ఓ ఆర్డినెన్స్ తెచ్చింది. తెల్లవాళ్లు ఎక్కువగా ఉన్న బ్లాక్‌లోకి నల్లవాళ్లు, నల్లవాళ్లు ఎక్కువగా ఉన్న బ్లాక్‌లోకి తెల్లవాళ్లు మారకూడదు! ఇళ్లను జాతిని బట్టి బ్లాక్‌ల వారీగా విడదీసే చట్టం అమెరికా నగరాల్లో ఇదే మొదటిది. మిగతా నగరాలు దీన్ని చూసి కాపీ కొట్టాయి. ఇలాంటి చట్టాలు చెల్లవని 1917లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

చట్టం పోయింది, పద్ధతి మాత్రం పోలేదు. ఇంటి అమ్మకం పత్రాల్లోనే ‘నల్లవాళ్లకు అమ్మకూడదు’ అని షరతులు రాసుకున్నారు. కోర్టులు ఆ షరతులను అమలు చేయకుండా ఆగడానికి 1948 దాకా పట్టింది. ఈలోగా 1937లో ఫెడరల్ సంస్థ బాల్టిమోర్‌ను రంగుల మ్యాప్‌గా గీసింది. నల్లజాతి ప్రజలు ఉండే పేటలకు ఎరుపు రంగు పడింది. ఎరుపు అంటే అక్కడ అప్పు ఇవ్వడం రిస్క్ అని అర్థం. దాన్నే ‘రెడ్‌లైనింగ్’ అంటారు.

సామాన్య కుటుంబానికి ఇల్లే అతిపెద్ద ఆస్తి. అమెరికాలో అయినా, అనకాపల్లిలో అయినా అంతే. ఇంటికి లోన్ రాకపోతే ఆస్తి పెరగదు. ఆస్తి లేకపోతే పిల్లల చదువుకు తాకట్టు పెట్టడానికి ఏమీ ఉండదు. ఆ లోటు ఒక తరం నుంచి ఇంకో తరానికి చేరుతూనే ఉంటుంది.

2015 ఏప్రిల్‌లో ఫ్రెడ్డీ గ్రే అనే 25 ఏళ్ల నల్లజాతి యువకుడు పోలీసుల అదుపులో గాయపడి చనిపోయాడు. బాల్టిమోర్ అట్టుడికిపోయింది. అతను ఉండే శాండ్‌టౌన్ పేటకు, బోల్టన్ హిల్‌కు మధ్య దూరం మహా అయితే రెండు కిలోమీటర్లు. ఒకవైపు చెట్ల నీడలో పాతకాలపు అందమైన ఇళ్లు. ఇంకోవైపు తలుపులకు చెక్కలు కొట్టి మూసేసిన ఖాళీ ఇళ్లు. పొరుగువారిని ప్రేమించమని బోధించే చర్చి ముందు ఇదే పెద్ద ప్రశ్నగా నిలబడింది.

దానానికి, బాకీకి తేడా ఏంటి?

చర్చిలు పేదలకు డబ్బు ఇవ్వడం కొత్తేమీ కాదు. అన్నం పెడతాయి, బట్టలు పంచుతాయి, ఫీజులు కడతాయి. మరి ఇందులో స్పెషల్ ఏముంది?

తేడా మాటలో ఉంది. దానం చేస్తే దాతకు పేరొస్తుంది. ఎవరికి ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో దాతే డిసైడ్ చేస్తాడు. బాకీ అలా కాదు. బాకీ తీర్చినవాడికి ఎవరూ శాలువా కప్పరు. ‘నా దగ్గర ఉన్న దాంట్లో కొంత నాది కాదు’ అని ముందు ఒప్పుకోవాలి. రిపరేషన్స్ అనే మాటను ఎంచుకోవడం ద్వారా మెమోరియల్ చర్చి తనను తాను దాత సీట్లోంచి లేపి, బాకీదారు సీట్లో కూర్చోబెట్టుకుంది.

‘బానిసల్ని పెట్టుకుంది మా ముత్తాతల కాలంలో. మేమెందుకు కట్టాలి?’ అన్న ప్రశ్న అమెరికాలో గట్టిగానే వినిపిస్తోంది. 2021లో ప్యూ రీసెర్చ్ చేసిన సర్వేలో నల్లజాతి వయోజనుల్లో 77 శాతం రిపరేషన్స్‌ను సమర్థించారు. తెల్లజాతి వయోజనుల్లో సమర్థించింది 18 శాతమే. ఈ లెక్క చూస్తే, తెల్లజాతి సభ్యులు ఎక్కువగా ఉన్న సంఘం ఇలాంటి నిర్ణయానికి రావడం ఎంత కష్టమో అర్థమవుతుంది.

ఆ ప్రశ్నకు తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసిన జవాబు ఒకటుంది. తాత ఆస్తి కావాలి, తాత అప్పు మాత్రం వద్దంటే కుదరదు. చర్చి భవనం, దాని మూలనిధి, ఆ ప్రాంతంలో దాని పరపతి.. ఇవన్నీ నేటి సభ్యులకు వారసత్వంగా వచ్చినవే. లాభం వారసత్వంగా వచ్చినప్పుడు లెక్క కూడా దాంతోపాటే వస్తుంది. ఇందులో ఎవరి వ్యక్తిగత తప్పూ లేదు. కానీ బాధ్యత ఉంది.

ఒక్క చర్చితో ఆగలేదు

మెమోరియల్ చర్చి ఒంటరి కాదు. అది ఉన్న మేరీల్యాండ్ డయాసిస్ 2020లోనే 10 లక్షల డాలర్లతో రిపరేషన్స్ నిధి పెట్టేందుకు ఓకే చెప్పింది. అప్పటి బిషప్ యూజీన్ సటన్ ఆ డయాసిస్‌కు తొలి నల్లజాతి బిషప్. 2019 జూన్ 19న అమెరికా కాంగ్రెస్ సబ్‌కమిటీ ముందు హాజరై రిపరేషన్స్‌కు మద్దతుగా మాట్లాడారు కూడా.

మిగతా చోట్ల ఏం జరిగిందంటే..

వర్జీనియా థియలాజికల్ సెమినరీ: 2019లో 17 లక్షల డాలర్ల నిధి పెట్టింది. క్యాంపస్‌లో బానిసలుగా, ఆ తర్వాత వివక్ష కాలంలో కూలీలుగా పనిచేసిన నల్లజాతివారి వారసులకు 2021 నుంచి ఏటా నేరుగా డబ్బు ఇస్తోంది.

జెసూట్ క్యాథలిక్ సంఘం: 1838లో 272 మంది బానిసలను అమ్మేసిన చరిత్ర దీనిది. ఆ డబ్బులో కొంత ఇప్పటి జార్జ్‌టౌన్ యూనివర్సిటీ అప్పులు తీర్చడానికి వాడారు. ఆ వారసులతో కలిసి నడిపే ఫౌండేషన్‌కు 10 కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2021లో మాటిచ్చింది.

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్: తన పాత నిధికి బానిసల వ్యాపారంతో లింకు ఉందని తేలడంతో 2023లో 10 కోట్ల పౌండ్లు ప్రకటించింది.

మసాచుసెట్స్‌లోని బ్రూక్‌లైన్‌లో యునైటెడ్ ప్యారిష్: ఇది చిన్న సంఘమే గానీ ఐడియా కొత్తది. బానిసలు పాడుకున్న ఆధ్యాత్మిక గీతాలను ఆరాధనలో పాడిన రోజున ‘రాయల్టీ’ కింద కానుక వసూలు చేస్తుంది. ఆ డబ్బు నల్లజాతి పిల్లలకు సంగీతం నేర్పే సంస్థకు వెళ్తుంది. ఆ పాటలు కట్టినవారికి పేరు గానీ, పైసా గానీ దక్కలేదన్నది ఇక్కడి పాయింట్.

నిజానికి ఈ డిమాండ్ ఇప్పటిది కాదు. 1969 మే 4న జేమ్స్ ఫోర్మన్ అనే పౌరహక్కుల నేత న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ చర్చిలో ఆరాధన మధ్యలో ముందుకొచ్చి నిలబడ్డారు. తెల్లజాతి చర్చిలు, యూదు ప్రార్థనా మందిరాలు 50 కోట్ల డాలర్లు కట్టాలని డిమాండ్ చేశారు. అప్పుడు చాలామంది దాన్ని గలాటాగానే చూశారు. అర్ధ శతాబ్దం తర్వాత చర్చిలు తమంతట తామే ఆ లెక్క తీస్తున్నాయి.

డబ్బు సరిపోతుందా? కుండబద్దలు కొడితే.. లేదు

ఇక్కడ లెక్క సూటిగా చూడాలి. అమెరికా ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వే ప్రకారం, ఆస్తి లెక్కలో సరిగ్గా మధ్యలో ఉండే తెల్లజాతి కుటుంబం ఆస్తి సుమారు 2 లక్షల 85 వేల డాలర్లు. అదే నల్లజాతి కుటుంబం అయితే సుమారు 45 వేల డాలర్లు. తేడా 2 లక్షల 40 వేలు. అంటే మెమోరియల్ చర్చి ఐదేళ్లలో ఇస్తానన్న మొత్తం సొమ్ము పెట్టినా, పూడేది కేవలం రెండు కుటుంబాల తేడా!

విమర్శకులు పట్టుకున్నది కూడా ఇదే పాయింట్. రెండు వైపుల నుంచీ అక్షింతలు పడుతున్నాయి. ఇదంతా మనస్సాక్షిని జోకొట్టే పని అని కొందరంటున్నారు. అసలు బాకీ తీర్చాల్సింది ప్రభుత్వం, రెడ్‌లైనింగ్ మ్యాప్ గీసింది చర్చి కాదు కదా అన్నది వాళ్ల వాదన. చర్చి పని ప్రార్థన, రాజకీయం కాదన్నది ఇంకో వర్గం మాట. మరో చిక్కు కూడా ఉంది. డబ్బు వారసుల చేతికి కాకుండా సంస్థలకు వెళ్తే, అది పాత దానానికే కొత్త పేరు పెట్టినట్టు కాదా?

ఈ ప్రశ్నల్లో బలముంది. అయినా చర్చి చేయగలిగింది, ప్రభుత్వం అంత తేలిగ్గా చేయలేనిది ఒకటుంది. ప్రభుత్వం జాతి ప్రాతిపదికన డబ్బు ఇస్తే వెంటనే కోర్టు కేసులు పడతాయి. ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఇవాన్‌స్టన్ నగరం ఇళ్ల కోసం 25 వేల డాలర్ల చొప్పున ఇచ్చే పథకం మొదలుపెడితే, అందరినీ సమానంగా చూడాలన్న రాజ్యాంగ సూత్రానికి విరుద్ధమంటూ 2024లో దావా పడింది. పైగా 2025 జనవరి నుంచి ట్రంప్ సర్కారు ఫెడరల్ ప్రభుత్వంలో వైవిధ్యం, సమానత్వం పేరుతో ఉన్న కార్యక్రమాలను వరుసగా ఎత్తేస్తోంది. ఆ రాజ్యాంగ సూత్రం కట్టడి చేసేది ప్రభుత్వాలను. చర్చి తన సొంత నిధిని తన విశ్వాసం ప్రకారం ఖర్చు పెట్టుకోవడానికి అంత అడ్డు ఉండదు.

రెండో బలం ఇంకా పెద్దది. దేశం మొత్తం మీద ఎవరు ఎవరికి బాకీ అంటే చర్చ ఎప్పటికీ తెగదు. చర్చికి ఆ సమస్య లేదు. దాని దగ్గర రిజిస్టర్లున్నాయి. పాస్టర్ల పేర్లున్నాయి, కానుకలు ఇచ్చిన కుటుంబాల పేర్లున్నాయి. హాంప్టన్ కథలో ‘సమాజం తప్పు చేసింది’ అని గాల్లో మాట్లాడాల్సిన పని లేదు. ఇదీ వంశం, ఇదీ ఎస్టేట్, వీళ్లూ వారసులు అని వేలు పెట్టి చూపించొచ్చు. నేరం పెద్దదే, కానీ లెక్క చిన్నదైనప్పుడు అది తేలే అవకాశం ఉంటుంది.

మనకు ఇందులో ఏముంది?

జాతి, కులం ఒకటి కాదు. రెండింటి చరిత్రలూ వేరు. కానీ ప్రార్థన చేసే చోట కూడా మనుషుల్ని వేరు చేసిన చరిత్ర భారతీయ చర్చిలకూ ఉంది. తెలుగునాట క్రైస్తవుల్లో దళితులే పెద్ద భాగం. దళిత క్రైస్తవులపై వివక్ష చర్చి లోపలా ఉందని భారత క్యాథలిక్ బిషప్‌ల మండలి 2016లో విడుదల చేసిన దళిత సాధికారత విధానంలో ఒప్పుకుంది. 2022లో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. ఆ స్థాయికి చేరిన తొలి దళితుడు ఆయనే. ఒక పెద్ద పదవి దక్కడం సంతోషమే. కానీ స్కూల్ సీట్లు, ఉద్యోగాలు, కమిటీల్లో చోటు, శ్మశానంలో స్థలం.. ఇలా లెక్క తీస్తే ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్న ఇక్కడా మిగిలే ఉంది. బాల్టిమోర్ అనుభవం చెప్పేది కూడా అదే. ఒప్పుకోవడం మొదటి మెట్టు మాత్రమే, రెండో మెట్టు బడ్జెట్‌లో కనిపించాలి.

ఇక చూడాల్సింది ఏంటి?

మేరీల్యాండ్ కమిషన్ తుది నివేదిక 2027లో రావాల్సి ఉంది. ఆ లోపు చర్చిల ప్రయోగాలను మూడు ప్రశ్నలతో కొలవొచ్చు.

మొదటిది, డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? చర్చి తన మూలనిధిని, తన బడ్జెట్‌ను కదిలిస్తోందా, లేక ఖర్చులన్నీ పోను మిగిలిన చిల్లరతో సరిపెడుతోందా?

రెండోది, ఎవరు డిసైడ్ చేస్తున్నారు? నష్టపోయినవారి వారసులు, ఆ పేటల జనం నిర్ణయం తీసుకునే బల్ల దగ్గర కూర్చుంటున్నారా, లేక చెక్కు అందుకునే ఫొటోలో మాత్రమే కనిపిస్తున్నారా?

మూడోది, అన్నింటికంటే ముఖ్యమైనది. గడువు ముగిశాక ఏం జరుగుతుంది? ఐదేళ్ల ప్రాజెక్టుకు ముగింపు తేదీ ఉంటుంది. 1910 ఆర్డినెన్స్, 1937 మ్యాప్ మిగిల్చిన నష్టానికి అలాంటి తేదీ ఏదీ లేదు. ఆరో ఏడాది బడ్జెట్‌లో కూడా ఆ పద్దు కనిపిస్తే అది బాకీ తీర్చడం. కనిపించకపోతే, ఎంత మంచి మనసుతో చేసినా సరే.. అది మళ్లీ దానమే అవుతుంది.